అదనపు భుజం

ఒక పెద్ద అడవిలో, పులుల కన్నా కమిటీలు ఎక్కువగా తిరిగే రోజుల్లో, ముక్కాంబ అనే వడ్రంగిపిట్ట ఉండేది. చెట్లు తొలిచి పురుగులు ఏరుకోవడం వాళ్ల ఇంటి వృత్తి. ముక్కాంబ మాత్రం జంతువుల ఒళ్లు ముక్కుతో తట్టి, లోపల గడ్డ ఉందో లేదో చెప్పే పని నేర్చుకుంది.

అది అనుకున్నంత తేలిక కాదు. మంచి ఒంటి మీద తడితే ఒక చప్పుడు, కొవ్వు మీద తడితే ఇంకో చప్పుడు. ప్రాణం తీసే గడ్డ మీద తడితే అసలు చప్పుడే రాదు, తట్టిన ముక్కుకు మాత్రం తెలుస్తుంది. ఆ తెలియడం కోసం ముక్కాంబ పద్దెనిమిది వానాకాలాలు ముక్కు అరగదీసుకుంది. కోసి తీసిన ప్రతి గడ్డనీ ఎండబెట్టి సొరబుర్రలో దాచేది. ఏది ఎలా పలికిందో తాటాకు మీద గీసి పెట్టుకునేది. ఆమె తొర్రలో గుడ్లకు చోటు లేకపోయినా సొరబుర్రలకు ఉండేది.

ఆ అడవికి ఒక మంచి అలవాటు ఉండేది. తొలకరి పడగానే ఏనుగు దగ్గర్నుంచి ఉడత దాకా అందరూ ఇప్పచెట్టు కింద వరుసకట్టి ముక్కాంబ చేత ఒళ్లంతా తట్టించుకునేవాళ్లు. దాన్ని తొలకరి తట్టుడు అనేవాళ్లు. జబ్బు ఉందని కాదు, లేదని తెలుసుకుని హాయిగా నిద్రపోవడానికి.

గడ్డ దొరికితే దాని సైజు కాయల లెక్కన రాసేవాళ్లు. రేగుపండంత ఉంటే, అదే చెట్టు కింద కూర్చునే ఎండ్రకాయ డాక్టరు ఏడుకొండలు గారు తన ముందుకాళ్ల కత్తెరతో చిటుక్కున తీసేసేవారు. ఉసిరికాయంత ఉంటే ఒకసారి గుటక మింగి తీసేవారు. వెలక్కాయంత అయ్యాక వస్తే కత్తెర మూసేసి, ఇంట్లోవాళ్లను పక్కకు పిలిచేవారు.

అలా నడుస్తుండగా అడవి మీదికి తుమ్ముల తెగులు వచ్చి పడింది. పొద్దున తుమ్మినవాడు మాపటికి లేడు. ఎవరింటి వాళ్లు ఇంట్లో ఉండాలని సింహం దొరవారు దండోరా వేయించారు. వెయ్యాల్సిందే, ఆ విషయంలో నాకు పేచీ లేదు. ఇప్పచెట్టును తుమ్ముల ఆసుపత్రి చేశారు, చెయ్యాల్సిందే. ఏడుకొండలు గారిని వాగు దగ్గర కాపలా పెట్టి, అవతలి గట్టు నుంచి ఎవరినీ రానివ్వవద్దన్నారు. ముక్కాంబను కొమ్మ మీద కూర్చోబెట్టి ఎవరు ఎన్నిసార్లు తుమ్మారో లెక్కపెట్టమన్నారు. సొరబుర్రల్లో ఉన్నవి పారబోసి, వాటిలో కషాయం నింపారు. పద్దెనిమిదేళ్ల చదువు ఒక్క పూటలో పెంటకుప్ప మీదికి పోయింది. కషాయం కూడా ప్రాణాలకే కదా అని ముక్కాంబ సరిపెట్టుకుంది.

నా పేచీ ఎక్కడంటే, తుమ్ములు వచ్చాయి కదా అని మిగతా జబ్బులు సెలవు పెట్టవు. ఆ చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టుడు రెండేళ్లు ఆగిపోయింది.

ఆ రోజుల్లోనే నీలవేణి చంకలో గడ్డ తగిలింది. నీలవేణి అంటే ఎలుగుబంటి. ఒంటినిండా జుట్టే కాబట్టి వాళ్లమ్మ ముచ్చటపడి ఆ పేరు పెట్టింది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇంకా పాలు మానలేదు. గడ్డ అప్పటికి రేగుగింజంతే. ఆసుపత్రి గేటు దగ్గరికి వస్తే కాపలా కుక్క తుమ్ములున్నాయా అని అడిగింది. లేవంటే, తుమ్మనివాళ్లు ఆరోగ్యవంతుల కిందే లెక్క, ఇంటికి పొమ్మంది. నీలవేణి పక్కకు వెళ్లి మిరియం నలిపి ముక్కులో పెట్టుకుని నాలుగు తుమ్ములు తుమ్మి లోపలికి పోయింది. లోపల తుమ్ములకు మందిచ్చి పంపించారు.

తెగులు తగ్గింది. దొరవారు కొండ మీదికెక్కి, అన్నిటినీ మునుపటికన్నా బాగా నిలబెడతామని చెప్పారు. చెప్పిన మర్నాడే గడ్డల వైద్య పునరుద్ధరణ కమిటీ పడింది. అధ్యక్షుడు కొంగ కామేశం గారు. ఎప్పుడూ తెల్లబట్టలు, తక్కువ మాటలు. నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకునేవారు. చూసేవాళ్లు ఆలోచిస్తున్నారనుకునేవాళ్లు. పరిశోధన శాఖకు పెద్ద, నెమలి చిత్రాంగదం గారు. సభ్యులు ఆరుగురు తొండలు. ఎవరేమన్నా తలాడించడమే వాళ్ల అర్హత. ముక్కాంబను ప్రత్యేక ఆహ్వానితురాలు అన్నారు. అంటే బయట కూర్చుని లోపలి మాటలు వినవచ్చన్నమాట.

ముక్కాంబ అడిగినవి మూడే. ఇప్పచెట్టు తిరిగి ఇవ్వాలి. ఏడుకొండలు గారిని వాగు దగ్గర్నుంచి రప్పించాలి. రెండేళ్ల తట్టుడు బాకీ ఉంది కాబట్టి ఈ ఏడు తొలకరి దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టాలి. కామేశం గారు చాలా బాగుందన్నారు. కాకపోతే ఏదైనా శాస్త్రీయంగా జరగాలి కాబట్టి ముందు చిత్రాంగదం గారు అధ్యయనం చేస్తారన్నారు. తొండలు తలాడించాయి.

చిత్రాంగదం గారు నెలరోజులు తాటాకులు తిరగేశారు. తర్వాత సభ పెట్టి పురి విప్పారు. ఆయనకు అదొక అలవాటు, చెప్పేదాని కన్నా విప్పేది ఎక్కువ. తెగులుకు ముందు ఏడు అడవిలో దొరికిన గడ్డలు నాలుగు వందల పన్నెండు. తెగులు మొదటి ఏడు అరవై. రెండో ఏడు తొమ్మిది. ఈ మధ్యకాలంలో మారింది ఒక్కటే, తట్టుడు ఆగింది. కాబట్టి ఒంటిని ముక్కుతో పొడవడం వల్లనే గడ్డలు కడుతున్నాయని తేలిందన్నారు. సభ సభంతా ఈలలు వేసింది.

ముక్కాంబకు బయట కూర్చోబుద్ధి కాలేదు. లోపలికి ఎగిరివచ్చి కామేశం గారి ఎదురుగా వాలింది.

"గడ్డలు తగ్గలేదండీ, చూడటం తగ్గింది" అంది.

కామేశం గారు ఒక కన్ను తెరిచారు. "చూడటం తగ్గితే లెక్క తగ్గుతుందని మీరే ఒప్పుకుంటున్నారు కదమ్మా. మేము అంటున్నదీ అదే."

ఇలాంటివాళ్లతో వాదించడం కన్నా గోడకు చెప్పుకోవడం నయం. గోడ కనీసం తల ఆడించదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తట్టుడు నిషేధం. గడ్డలు కొయ్యడం నిషేధం, ఎందుకంటే లేనివాటిని కొయ్యడం దండగ. ఇప్పచెట్టు అతిథిగృహం. అడవి మొగదల పెద్ద బోర్డు, దాని మీద 'గడ్డలు లేని అడవి' అని రాయించి దొరవారి పంజా ముద్ర వేయించారు. అక్కడితో ఊరుకోలేదు. కమిటీ సిఫారసు లేకుండా ఈ ఉత్తర్వును ఎవరూ, దొరవారు సైతం, మార్చరాదని చివర ఒక వాక్యం కలిపారు. దొరవారు చదవకుండానే ముద్ర వేశారు. ముద్రలు వేసేవాళ్లు చదువుతూ కూర్చుంటే రాజ్యాలు నడుస్తాయా?

ముక్కాంబకు ఉద్యోగం పోలేదులెండి. బోర్డు గురించి దండోరా వేసేటప్పుడు బోలు దుంగ మీద ముక్కుతో వాయించే పని ఇచ్చారు.

ఆ దుంగ దగ్గరికే ఒకరోజు నీలవేణి వచ్చింది. పక్కన చతికిలబడి చెయ్యెత్తి చంక చూపించింది. చుట్టూ జనం ఉన్నారు. ముక్కాంబ దుంగ మీద నాలుగు దెబ్బలు వాయించి, అయిదో దెబ్బ నీలవేణి చంకలో తట్టింది. మళ్లీ నాలుగు దుంగ మీద, అయిదోది చంకలో. వింటున్నవాళ్లు తాళం బాగుందనుకున్నారు. చంకలో తట్టినప్పుడు ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు. ఉసిరికాయంత ఉంది, అదీ బాగా ముదిరిన ఉసిరికాయ.

"ఎన్నాళ్లుందక్కా?" అని అడిగింది నీలవేణి.

వానలు పడేలోగా తీయించాలని, పడ్డాక అయితే తన చేతిలోనూ ఏడుకొండలు గారి చేతిలోనూ ఉండదని ముక్కాంబ ఉన్నమాట చెప్పేసింది. అబద్ధం చెప్పి ఊరడించే గుణం ఆమెకు ముందునుంచీ లేదు. వానలకు రెండు నెలలుంది. నీలవేణి కాసేపు తన పిల్లలు ఆడుకునే వైపు చూసి, ఇంకా పాలు మానలేదక్కా అంది. తర్వాత కమిటీకి అర్జీ పెట్టుకుంటానని లేచింది. అమాయకురాలు.

కమిటీ ఆమెను వారం రోజులు కూర్చోబెట్టింది. ఎనిమిదో రోజు ఆరుగురు తొండలూ ఆమె చంక చుట్టూ తిరిగి చూశారు. ఏదో ఉంది, కాదనడానికి లేదు. గడ్డ అని రాయడానికీ లేదు, బోర్డు ఉంది. కామేశం గారు ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని తెరిచారు. భుజానికి దగ్గరగా ఉంది కాబట్టి దీన్ని భుజం కింద జమకట్టవచ్చన్నారు. 'ఈ ఎలుగుబంటికి ఒక అదనపు భుజం కలదు' అని తాటాకు మీద రాసి చేతిలో పెట్టారు. పైపెచ్చు మూడు భుజాలున్నవాళ్లు ఎక్కువ బరువు మొయ్యగలరని, అతిథిగృహానికి తేనె మోసే పని కూడా అప్పగించారు.

నీలవేణి ఆ తాటాకు తెచ్చి చూపిస్తే ముక్కాంబకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. ఇక లాభం లేదనుకుని ఆమెను వెంటబెట్టుకుని వాగు దగ్గరికి పోయింది.

ఏడుకొండలు గారు బురదలో నిలబడి అవతలి గట్టు వైపు చూస్తున్నారు. అవతలి గట్టు మీద ఈగ కూడా లేదు. తెగులు పోయి ఆరు నెలలైనా ఆయన అక్కడే ఉన్నారు, ఎందుకంటే ఆయన్ను పెట్టిన కాగితంలో 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని ఉంది. తదుపరి ఉత్తర్వు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నడక అడ్డమే గానీ బుద్ధి నిలువు ఆయనకు. నిబంధన అంటే నిబంధనే.

"దాటేవాళ్లే లేరు కదండీ, ఇంకా ఎవరిని ఆపుతున్నారు?" అంది ముక్కాంబ.

"దాటేవాళ్లు లేకపోవడం వేరు, ఆపవద్దని ఉత్తర్వు రావడం వేరు."

ముక్కాంబ బతిమాలింది. ఆయన వినలేదు. కొయ్యడం తప్పని కాదు, కొయ్యాలనే ఉంది ఆయనకు, రెండేళ్లుగా కత్తెర దురద పెడుతోంది. కానీ తనకొక పుస్తకం ఉంది, అందులో ఏం కోసిందీ రాయాలి. "గడ్డలు లేని అడవిలో నేను కోసింది ఏమిటని రాసుకోమంటావమ్మా?" అన్నారు.

నీలవేణి తన తాటాకు ముందుకు చాపింది.

ఏడుకొండలు గారు దాన్ని రెండుసార్లు చదివారు. వెనక్కి తిప్పి చూశారు. తర్వాత నిషేధపు ఉత్తర్వు తీసి మొదటినుంచి చివరి దాకా చదివారు. అదనపు భుజాలు కొయ్యకూడదని అందులో ఎక్కడా లేదు. ఆయన రెండు కళ్లూ కాడల మీద పైకి లేచాయి. తాను కాపలా చోటు వదిలి రానని, భుజం ఉన్నవాళ్లు తన దగ్గరికి వస్తే మాత్రం కాదనేది లేదని చెప్పారు. ఒకే ఒక చిక్కు ఉందన్నారు. కత్తెర రెండేళ్లుగా వాడక మొద్దుబారింది, పట్టు తప్పింది. ముదిరిన ఉసిరికాయ మీద ఇప్పుడే పెడితే నీలవేణి బతకదు. ముందు చిన్నవి నాలుగు కోసి చెయ్యి తిప్పుకోవాలి.

ఆ మాటకు నీలవేణి కాదనలేదు. తొందరపడి చావడం కన్నా ఆగి చావడమే నయమంది. ముక్కాంబ ఆమెను కసిరింది.

కబురు ఎలా పాకిందో గానీ, మర్నాటినుంచి వాగు దగ్గర జాతర. జింకలు, కుందేళ్లు, అడవిపందులు, ఒక ముసలి పునుగుపిల్లి, అందరూ కమిటీ దగ్గర తాటాకులు రాయించుకుని వచ్చారు. ఒకరికి అదనపు మోకాలు, ఒకరికి రెండో బొడ్డు, దుమ్ములగొండికి వీపు మీద చిన్న తల. ముక్కాంబ రాత్రీ పగలూ లేకుండా తట్టి, రేగుపండంతవి ఏరి ముందుకు పంపింది. ఏడుకొండలు గారు రాతి మీద కత్తెర నూరుకుని ఒక్కొక్కటే కోశారు. కోసినవాటిని ముక్కాంబ మళ్లీ కొత్త సొరబుర్రల్లో దాచి, మళ్లీ మొదటి తాటాకు నుంచి గీసుకుంటూ వచ్చింది.

వచ్చినవాళ్లలో వెలక్కాయంతవాళ్లు ఎంతమందో చెప్పుకుంటే కడుపు తరుక్కుపోతుంది. తెగులుకు ముందు ఏడాదికి అయిదో ఆరో ఉండేవి. ఇప్పుడు రోజుకు అన్ని. ఏడుకొండలు గారు వాళ్ల ఇంట్లోవాళ్లను పక్కకు పిలిచీ పిలిచీ వాగు పక్కన ఒక దారి పడింది.

ఇక్కడ ఇలా ఉంటే, చిత్రాంగదం గారు కమిటీ ఇచ్చిన తాటాకుల లెక్క తీసి ఇంకో అధ్యయనం చేశారు. అడవి ప్రజల్లో భుజాలు, మోకాళ్లు రోజురోజుకూ పెరుగుతున్నాయని, ఇది బలానికి సూచన అని తేల్చారు. చుట్టుపక్కల మూడు అడవుల నుంచి ప్రతినిధులు వచ్చి బోర్డు చూసి, పురి చూసి, ముక్కున వేలేసుకుని వెళ్లారు. వెళ్లగానే ఆ మూడు అడవుల్లోనూ వైద్యశాలలు మూసేసి అలాంటి బోర్డులే పెట్టారు. దొరవారి మెడలో ఇప్పపూల దండ వేశారు.

దండ వేసేటప్పుడే దొరవారికి జూలు కింద ఏదో తగిలింది.

ముందు కామేశం గారిని పిలిచి చూపించారు. కామేశం గారు కళ్లు మూసుకుని, అది రాచచిహ్నం అన్నారు. దొరవారు నమ్మాలనే చూశారు. కానీ మింగితే నొప్పి, గర్జిస్తే నొప్పి. విహారయాత్ర అని చెప్పి ఉత్తరపు అడవికి పోయారు, అక్కడ పేరున్న వైద్యశాల ఉండేది. బోర్డు ఎదురైంది. తూర్పు అడవికి పోయారు, బోర్డు ఎదురైంది. పడమటి అడవిలో కాపలా ఏనుగు, తమ అడవిలో గడ్డలు లేవని, ఇదంతా దొరవారి దయేనని నమస్కారం చేసి మరీ చెప్పింది. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది దొరవారికి. తిరిగీ తిరిగీ నెల పోయింది.

ఆకాశంలో తొలి మబ్బు కనిపించిన రోజు. ఏడుకొండలు గారు ఆ పొద్దున కత్తెర నూరుకుని, ఇవాళ చెయ్యి కుదిరిందన్నారు. నీలవేణి రాతి మీద పడుకుని మత్తాకు నములుతోంది. గడ్డ ఉసిరికాయను దాటింది, వెలక్కాయ కాలేదు. ఇవాళ కాకపోతే ఇక లేనట్టే. ముక్కాంబ ఆమె భుజం మీద, అసలు భుజం మీద, కూర్చుని ఉంది.

అప్పుడే దొరవారు వచ్చారు. వెనక కామేశం గారు, చిత్రాంగదం గారు, తొండలు. వరుసలో ఉన్నవాళ్లు పక్కకు తప్పుకోలేదు, జబ్బు జనాన్ని అంత మొండివాళ్లను చేస్తుంది. దొరవారి భుజం ఒకటి చూడాలని, రాతిని ఖాళీ చేయించమని కామేశం గారు నెమ్మదిగా అన్నారు. ముక్కాంబ దొరవారి జూలులోకి ఎగిరి మూడుచోట్ల తట్టింది. చప్పుడు లేదు. రేగుపండు దాటి ఉసిరికాయ. తీస్తే బతుకుతారు. ఒక పూట ఆగినా, ఒక వారం ఆగినా పెద్ద తేడా రాదు.

ఆమెకు దొరవారి మీద కోపం ఉంది, ఎందుకుండదు? కానీ గడ్డ మీద అంతకన్నా ఎక్కువ ఉంది. నీలవేణిది ఇవాళే కావాలని, దొరవారిది తర్వాత తప్పకుండా చేస్తారని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, మనసులో మాట కూడా అనేసింది. "భుజమని కాకుండా గడ్డ అని తమరు నలుగురిలో ఒక్కమాట అనండి దొరా. బోర్డు దిగుతుంది, ఇప్పచెట్టు తెరుస్తారు. ఇంతమంది ఇలా అబద్ధాలు రాయించుకునే ఖర్మ తప్పుతుంది."

దొరవారు వరుసకేసి చూశారు. దుమ్ములగొండి చిన్న తలను, పునుగుపిల్లి రెండో బొడ్డును చూశారు. ఆయన చెడ్డవాడేం కాదు, చదవకుండా ముద్ర వేసేవాడు, అంతే. మూడు అడవులు తిరిగి వచ్చిన అలసటలో ఆయనకు ఎవరికీ జడవాలనిపించలేదు.

"నాకు గడ్డ ఉంది" అన్నారు.

ముక్కాంబకు ఒళ్లు పులకరించింది. ఉత్తర్వు వచ్చినప్పటినుంచీ ఆ మాట కోసమే కదా ఆమె కాచుకున్నది.

ఆ సంబరం ఒక్క క్షణమే. ఏడుకొండలు గారు దొరవారి వైపు తిరిగి కత్తెరను టక్కున మూసేశారు. భుజమైతే కోసేవాణ్ణని, గడ్డలు కొయ్యడం నిషేధమని వినయంగా చెప్పారు. దొరవారు తానే కదా రాజునని, ఆ నిషేధాన్ని ఇప్పుడే ఎత్తేస్తున్నానని అన్నారు. కామేశం గారు ఒంటికాలి మీదికి మారారు. తప్పకుండా ఎత్తేద్దామని, కాకపోతే కమిటీ సిఫారసు లేకుండా దొరవారు సైతం మార్చరాదన్న వాక్యం కింద ఆయన పంజా ముద్రే ఉందని గుర్తుచేశారు. చిత్రాంగదం గారు తోక కొంచెం విప్పి, ఒక్క గడ్డతో ఏ నిర్ధారణకూ రాలేమని, కనీసం ఇంకో నాలుగు వందల పదకొండు ఉంటే ఆలోచించవచ్చని అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఇక్కడ దేవుడే పూజారిని అడుక్కుంటున్నాడు.

ముక్కాంబ ఊరుకోలేదు. దొరవారి చెవి దగ్గర వాలి, భుజమే అని ఇంకోసారి అనండి దొరా అని ప్రాధేయపడింది. దొరవారు అన్నారు పాపం. అది భుజమే అన్నారు. కానీ మొదటి మాటను తొండలు అప్పటికే రాసేసుకున్నాయి. రాజవాక్కు రెండుగా ఉండకూడదని కామేశం గారు తాటాకు చుట్టేశారు.

గర్జించి అందరినీ మింగెయ్యొచ్చు కదా అంటారు మీరు. గర్జిస్తే నొప్పని ముందే చెప్పాను.

ఏడుకొండలు గారు నీలవేణి వైపు తిరిగారు. ఆమె తాటాకు చూసి, భుజం అని పుస్తకంలో రాసుకుని, ఒకసారి కాదు రెండుసార్లు గుటక మింగారు. చాలాసేపు పట్టింది. అంతసేపూ ముక్కాంబ మబ్బు వైపు చూడలేదు, కత్తెర వైపూ చూడలేదు, నీలవేణి ముట్టె మీద ఊపిరి ఆడటం ఒక్కటే చూస్తూ కూర్చుంది. గడ్డ బయటికి వచ్చాక గాయం చుట్టూ తట్టి చూసింది. పక్కన తట్టింది, కింద తట్టింది. ప్రతిచోటా చప్పుడు వచ్చింది. మంచి ఒంటి చప్పుడు, శుభ్రంగా, గట్టిగా. ముక్కాంబ అక్కడే రాతి మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నెలనెలా వచ్చి తట్టించుకోవాలని, రాకపోతే తానే ఇంటికొచ్చి పొడుస్తానని నీలవేణిని బెదిరించింది.

కమిటీ మాటకు కట్టుబడి మూడుసార్లు సమావేశమైంది. మొదటిసారి చర్చకు పెట్టాల్సిన అంశానికి ఏం పేరు పెట్టాలో చర్చించారు. రెండోసారి, దొరవారు అడవిలో భాగమా, అడవికి పైనా అన్నది తేలలేదు. ముక్కాంబ రెండుసార్లూ బయట కూర్చుని వింది, లోపలికి పోయి అరిచింది కూడా. అరిచినట్టు నమోదు చేసుకున్నారు. ఆ మధ్యలో వానలు పడ్డాయి. మూడో సమావేశంలో దొరవారి గడ్డను గడ్డగా గుర్తిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. దొరవారు పోయింది దానికి ముందురోజు.

అదే సమావేశంలో సంతాపం తెలిపి, రెండు నిమిషాలు ఒంటికాలి మీద నిలబడ్డారు. తర్వాత చిత్రాంగదం గారు రికార్డు తిరగేశారు. అడవిలో అధికారికంగా ఉన్న గడ్డ ఒక్కటే, అదీ దొరవారితో పాటే పోయింది. కాబట్టి అడవి మళ్లీ గడ్డలు లేనిదైనట్టు ప్రకటించి, బోర్డుకు కొత్త రంగు వేయించారు. రంగు పూసినందుకు తొండలకు ఒక పూట సెలవు.

వాగు దగ్గర వరుసలో నలభై ఆరుగురున్నారు. ముక్కాంబ వాళ్లలో మొదటివాడి వీపు మీద వాలి, ఏ అవయవం రాయించుకొచ్చావు నాయనా అని అడిగింది.

నీతి: నిజం చెప్పదలిస్తే చెప్పండి, కానీ ముందు ఫారంలో దానికి గడి ఉందో లేదో చూసుకోండి.